డిటెక్టివ్‌ని బోనెక్కించిన సినిమా



మాస్టారి పేరున ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచిన ఫిల్మ్ సొసైటీ మిత్రులకు కృతజ్ఞతలు. ఆయన్ని దగ్గరగా ఎరిగినవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. కనుక ఆయన గుణగణాలు ఏకరువు పెట్టను. ఆయనకు అది గిట్టేది కాదు కూడా. రెండు సంగతులు మాత్రం గుర్తుచేస్తాను. సినిమా గురించి మాట్లాడదలచినవాళ్ళు ఏదో ఒక సినిమా ఎంచుకుని, దాన్ని పట్టుకుని మాట్లాడాలని ఆయన పట్టుబట్టేవారు. డబ్బు లేక మంచి సినిమా తీయలేకపోయామనే మాటను ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. డబ్బు తక్కువైనచోట ఏం దొరుకుతుందో వెతుక్కోమనేవారు.

ఆ రెండు మాటలకూ కట్టుబడి ఈ సాయంత్రం ఒక్క సినిమా గురించే మాట్లాడతాను. 1955లో అమెరికాలో విడుదలైన ‘కిస్ మి డెడ్లీ’. దర్శకుడు రాబర్ట్ ఆల్‌డ్రిచ్. ఖర్చు సుమారు నాలుగు లక్షల డాలర్లు. ఆనాటి హాలీవుడ్ లెక్కలో చిన్న మొత్తమే. 1954 నవంబరు చివర్లో షూటింగ్ మొదలుపెట్టి క్రిస్మస్ రాకముందే ముగించారు. పేరున్న తార ఒక్కరూ లేరు. ఒక ప్రైవేట్ డిటెక్టివ్ కథ. చవక కాగితం మీద అచ్చయి లక్షల్లో అమ్ముడుపోయిన పాకెట్ పుస్తకం దానికి మూలం. ఇన్ని చిన్నతనాలున్న ఈ సినిమా, తన కాలంలో పెద్ద సినిమాలేవీ చేయలేని పని ఒకటి చేసింది. తన కథానాయకుడినే నిలదీసింది. ఆ సాహసానికీ ఆ తక్కువ ఖర్చుకీ ఉన్న సంబంధమే నా ఉపన్యాస విషయం.

ముందు ఈ డిటెక్టివ్ ఎక్కణ్ణుంచి వచ్చాడో చూద్దాం. మనలో చాలామందికి డిటెక్టివ్ అనగానే షెర్లాక్ హోమ్స్ గుర్తుకొస్తాడు. అతనికి నేరం ఒక బుద్ధి పరీక్ష. 1920లలో అమెరికాలో ‘బ్లాక్ మాస్క్’ అనే చవక పత్రిక చుట్టూ మరో రకం డిటెక్టివ్ పుట్టాడు. డాషియల్ హామెట్ స్వయంగా పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేసి, ఆ అనుభవంతో కథలు రాయడానికి కూర్చున్నాడు. అతని శామ్ స్పేడ్ 1930లో వచ్చిన ‘ది మాల్టీస్ ఫాల్కన్’ నవలలో కనిపిస్తాడు. రేమండ్ చాండ్లర్ చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం పోగొట్టుకుని, నడివయసులో ‘బ్లాక్ మాస్క్’కి కథలు రాయడం మొదలుపెట్టాడు. అతని ఫిలిప్ మార్లో 1939లో ‘ది బిగ్ స్లీప్’తో వచ్చాడు. మార్లో రేటు రోజుకి 25 డాలర్లు, ఖర్చులు అదనం. ఆ అంకె నాకు చాలా ముఖ్యం. రోజు కూలికి పనిచేసే మనిషి అతను. అద్దె ఆఫీసు, సొరుగులో సీసా, ఎదుట కూర్చున్న క్లయింటు చెప్పేది అబద్ధమని తెలిసీ కేసు తీసుకోక తప్పని పరిస్థితి. దెబ్బలు తింటాడు, మోసపోతాడు. అయినా లోపల ఎక్కడో ఒక గీత గీసుకుని ఉంటాడు. దాన్ని దాటడు. ఊరంతా అమ్ముడుపోయినా తను పోడు.

పాఠకులు ప్రేమించింది ఆ గీతనే. సినిమా వాళ్ళూ ప్రేమించారు. జాన్ హ్యూస్టన్ మొదటి సినిమాగా 1941లో ‘ది మాల్టీస్ ఫాల్కన్’ తీశాడు. దానికీ నాలుగు లక్షల డాలర్ల లోపే అయింది. 1944లో ఎడ్వర్డ్ డిమిట్రిక్ ‘మర్డర్, మై స్వీట్’లో అప్పటిదాకా పాటలు పాడే హీరోగా పేరుపడ్డ డిక్ పావెల్‌ని మార్లోగా చూపించాడు. ఆ తర్వాత పదేళ్ళపాటు తడిసిన రోడ్లు, కిటికీ తెరల నీడలు, సిగరెట్ పొగ, నమ్మరాని ఆడమనిషి, నమ్మరాని పోలీసు తెరనిండా కనిపించాయి. ఆ చిత్రాలన్నిటికీ కలిపి ఫ్రెంచి విమర్శకులు ఫిల్మ్ నోయిర్ అని పేరు పెట్టారు.

ఈ సినిమాల్లో చాలావాటికి డబ్బు ఎందుకు తక్కువో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఆనాటి అమెరికాలో ఒక టికెట్టుకి రెండు సినిమాలు చూపించేవారు. మొదటిది పెద్ద తారలతో తీసిన పెద్ద సినిమా. దానికి వసూళ్ళలో వాటా ఉండేది. రెండోది బి సినిమా. దాన్ని హాలువాడు ఒక స్థిరమైన అద్దెకి తీసుకునేవాడు. జనం విరగబడి వచ్చినా రాకపోయినా నిర్మాతకు వచ్చేది అదే. దీనివల్ల రెండు ఫలితాలు కలిగాయి. మొదటిది, ఖర్చు ఆ అద్దె లోపల ఉండి తీరాలి. రెండోది, ఆ పరిధిలో ఉన్నంతవరకూ పైవాళ్ళు పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఏ తారకీ ఇమేజ్ దెబ్బతినే ప్రమాదం లేదు. ఏ బ్యాంకూ కథలో వేలు పెట్టదు. పీఆర్‌సీ, మోనోగ్రామ్ లాంటి పేద స్టూడియోలకి సెట్టు కట్టే స్తోమత లేదు. అందుకని ఎడ్గర్ ఉల్మర్ 1945లో ‘డిటూర్’ తీస్తూ న్యూయార్క్ వీధిని పొగమంచుతో నింపేశాడు. మంచు వెనక వీధి లేదు. ఒకటి రెండు దీపస్తంభాలు, నడుస్తున్న ఇద్దరు మనుషులు, అంతే. ఆ మంచులోనే కథానాయకుడి బతుకు దారి తప్పుతుంది. అందులో డిటెక్టివ్ లేడు గానీ, లేమి ఒక దృశ్యానికి అర్థం ఎలా ఇస్తుందో చూడాలంటే అంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు. కెమెరామన్ జాన్ ఆల్టన్ ఒక్కో గదిని ఒకటి రెండు దీపాలతో వెలిగించి తక్కినదంతా చీకటికి వదిలేసేవాడు. దీపాలు తగ్గితే సమయం కలిసొస్తుంది, చవక సెట్టు కనిపించదు, పైగా ఆ చీకట్లో ఎవరున్నారో అని ప్రేక్షకుడు కళ్ళు చికిలించి చూస్తాడు.

1948లో అమెరికా సుప్రీంకోర్టు స్టూడియోలకీ థియేటర్లకీ మధ్య ఉన్న పట్టును తెంచింది. తర్వాత టెలివిజన్ ఇళ్ళలోకి వచ్చింది. పాత జంట సినిమాల పద్ధతి సడలిపోయింది. చిన్న సినిమా తీసేవాళ్ళు ఇక స్వతంత్ర నిర్మాతలుగా, యునైటెడ్ ఆర్టిస్ట్స్ లాంటి పంపిణీ సంస్థ అండతో బతకాల్సి వచ్చింది. ‘కిస్ మి డెడ్లీ’ ఆ పరిస్థితుల్లో పుట్టింది.

దాని మూలరచయిత మికీ స్పిలేన్. కామిక్ పుస్తకాలకు కథలు రాస్తూ, 1947లో ‘ఐ, ద జ్యూరీ’ అనే నవలతో మైక్ హామర్ అనే డిటెక్టివ్‌ని పరిచయం చేశాడు. మార్లోకి ఉన్న గీత హామర్‌కి లేదు. నేరగాడిని పట్టుకోవడంతో అతను తృప్తిపడడు. తీర్పు తనదే, శిక్షా తనదే. మొదటి నవల చివర ఒక స్త్రీని తన చేత్తో కాల్చి చంపుతాడు. 1951 నాటి ‘వన్ లోన్లీ నైట్’లో కమ్యూనిస్టులను వేటాడతాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రకారు ఈ పుస్తకాల్ని ఎగబడి కొన్నారు. చట్టం నెమ్మదిగా నడుస్తుంది, కోర్టులు మెతక, కాబట్టి బలమున్నవాడు తేల్చెయ్యాలి. ఆ కోరిక మనకూ కొత్తది కాదు. మన వెండితెర మీద దానికి ఎన్నిసార్లు హారతి పట్టారో మీకు చెప్పనక్కర్లేదు.

స్పిలేన్ నవలల హక్కులు విక్టర్ శావిల్ అనే బ్రిటిష్ నిర్మాత కొన్నాడు. 1953లో ‘ఐ, ద జ్యూరీ’ తీశాడు. ఆ తర్వాత ‘కిస్ మి డెడ్లీ’ నవల ఆల్‌డ్రిచ్ చేతికి వచ్చింది. ఆల్‌డ్రిచ్ రాక్‌ఫెల్లర్‌ల బంధువు. కుటుంబం ఆశించిన దారి వదిలేసి, 1941లో ఆర్‌కేఓ స్టూడియోలో వారానికి 25 డాలర్ల గుమాస్తాగా చేరాడు. మార్లో ఒక్క రోజు రేటు అతనికి వారం జీతం. ఝాన్ రెన్వార్, చాప్లిన్, జోసెఫ్ లోసీ, అబ్రహాం పొలాన్‌స్కీల దగ్గర సహాయకుడిగా పని నేర్చుకున్నాడు. వీళ్ళలో లోసీ, పొలాన్‌స్కీ కమ్యూనిస్టులన్న ముద్రతో బ్లాక్‌లిస్టుకెక్కి పని పోగొట్టుకున్నారు. చాప్లిన్ దేశమే వదలాల్సి వచ్చింది. కమ్యూనిస్టు వేటను వీరత్వంగా చూపిన రచయిత పుస్తకం, ఆ వేటలో తన గురువులు బలవడం కళ్ళారా చూసిన దర్శకుడి చేతికి వచ్చిందన్నమాట.

స్క్రీన్‌ప్లే రాసిన ఎ. ఐ. బెజ్జెరిడీస్ తండ్రి గ్రీకు, తల్లి ఆర్మీనియన్. ఆటోమన్ తుర్కీలో పుట్టి, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో పెరిగాడు. లారీ డ్రైవర్ల మీద, పళ్ళ మార్కెట్ దళారుల మీద నవలలు రాసినవాడు. స్పిలేన్ నవల తనకు నచ్చలేదని తర్వాత ఇంటర్వ్యూలలో దాచకుండా చెప్పాడు. నవలలో అందరూ వెంటపడేది మాదకద్రవ్యాల కోసం. అప్పటి హాలీవుడ్ ప్రొడక్షన్ కోడ్ ఆ ఊసు తెర మీదికి రానిచ్చేది కాదు. ఏదో ఒకటి మార్చాలి. బెజ్జెరిడీస్ దాని స్థానంలో ఏం పెట్టాడన్నది కాసేపట్లో చెప్తాను. కథని న్యూయార్క్ నుంచి లాస్ ఏంజలస్‌కి తరలించాడు. అంతకన్నా పెద్ద మార్పు ఒకటుంది. హామర్‌ని హామర్‌లాగే ఉంచి, మనం అతన్ని చూసే చోటు మార్చాడు. నవలలో హామరే తన కథ తను చెప్పుకుంటాడు, మనం అతని పక్షాన ఉంటాం. సినిమాలో ఆ గొంతు తీసేశారు. అతనేం చేస్తాడో బయట నిలబడి చూడాలి. అప్పుడు అతను భయంకరంగా కనిపిస్తాడు.

మొదటి దృశ్యం చూడండి. రాత్రి. నల్లటి హైవే. వట్టి కాళ్ళతో, ఒంటి మీద ట్రెంచ్‌కోటు మాత్రమే ఉన్న ఒక స్త్రీ పరుగెత్తుతోంది. కార్లు ఆగడం లేదు. చివరికి చేతులు చాచి ఒక స్పోర్ట్స్ కారుకి అడ్డంగా నిలబడుతుంది. కారు బ్రేకులు కీచుమని పక్కకి దూసుకుపోతుంది. లోపల మైక్ హామర్. పాత్రధారి రాల్ఫ్ మీకర్. అతని మొదటి స్పందన, కారుకేమైనా అయ్యుంటే ఎలాగని కోపం. ఆమె ఎక్కుతుంది. రేడియోలో నాట్ కింగ్ కోల్ పాడుతుంటాడు. ఆ పాట కింద ఆమె ఎగశ్వాస ఆగకుండా వినిపిస్తూ ఉంటుంది. టైటిల్స్ కింది నుంచి పైకి కాక పై నుంచి కిందికి దిగుతాయి. పేర్ల వరస తిరగబడి ఉంటుంది. రోడ్డు మన మీదికి వస్తున్నట్టు అక్షరాలు వస్తాయి. ఇందులో ఖర్చు ఎంత? ఒక కారు, ఒక కోటు, ఒక నటి ఊపిరి. ఆ నటి క్లోరిస్ లీచ్‌మన్‌కి పేరు పడిన మొదటి సినిమా అదే. 1971 నాటి ‘ద లాస్ట్ పిక్చర్ షో’కి ఆస్కార్ అందుకున్నది ఈమే.

ఆ ప్రయాణంలో క్రిస్టీనా అనే ఆ స్త్రీ అతని కారునీ, బట్టలనీ, వ్యాయామంతో పెంచిన ఒంటినీ చూసి, నువ్వు జీవితాంతం ప్రేమించేది ఒక్కరినే, అది నిన్నే అన్న అర్థంలో మాట్లాడుతుంది. ఇంకో పది నిమిషాలు కూడా తెర మీద ఉండని మనిషి నోట రచయిత తన తీర్పు చెప్పించాడు. తర్వాత దుండగులు పట్టుకుంటారు. ఆమెను హింసిస్తుండగా మనకు కనిపించేవి గాల్లో వేలాడే ఆమె పాదాలు మాత్రమే. కొట్టుకుంటాయి, కేక వినిపిస్తుంది, పాదాలు కదలడం మానేస్తాయి. సెన్సారు ఒప్పుకోనిది చూపించలేక ఎంచుకున్న దారి ఇది. ఏడు దశాబ్దాల తర్వాత కూడా దీన్ని చూస్తూ కళ్ళు తిప్పుకునేవాళ్ళను నేను ఈ హాల్లోనే చూశాను.

హామర్ బతికి బయటపడతాడు. ఆసుపత్రి నుంచి రాగానే ప్రభుత్వ నేరపరిశోధక సంఘం వాళ్ళు పిలిపిస్తారు. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం ఇదే. ఆ అధికారులు అతన్ని ప్రశ్నలడగడం తగ్గించి, అతని వృత్తి గురించి అతని ఎదుటే ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. ఇతను విడాకుల కేసులు చూస్తాడు. భార్య తరఫున పనిచేస్తుంటే తన సెక్రటరీ వెల్డాని భర్త మీదికి ఎర వేస్తాడు. భర్త తరఫున అయితే భార్య మీదికి తనే వెళ్తాడు. సాక్ష్యం టేపు మీద రికార్డు చేస్తాడు. హామర్ దేన్నీ కాదనడు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అతను వెళ్ళిపోయాక వాళ్ళలో ఒకడు కిటికీ తెరవమంటాడు. రోజుకి 25 డాలర్ల మార్లో విడాకుల పని ముట్టనని చెప్పుకునే మనిషి. ఆ ముట్టనిదే హామర్‌కి జీవనోపాధి. ఈ ఒక్క దృశ్యంతో డిటెక్టివ్ అనే మిథ్య మీద పాతికేళ్ళుగా పేరుకున్న పూత గీకేశారు.

ఆ గీకుడు అక్కడితో ఆగదు. క్రిస్టీనా చావు వెనక ఏదో పెద్దది ఉందని హామర్ పసిగడతాడు. న్యాయం కోసం కాదు, దాంట్లో తన వాటా కోసం వెంటపడతాడు. దారిలో ఒక ముసలి ఒపేరా గాయకుడి గది తలుపు తడతాడు. తీగల మీద ఆరేసిన బట్టల మధ్య ఆ పేదవాడు గ్రామఫోన్‌తో గొంతు కలిపి పాడుకుంటుంటాడు. హామర్ అడిగినదానికి అతను జవాబు చెప్పడు. హామర్ అతని రికార్డుల్లోంచి కరూసో పాడిన ఒకటి ఏరి, అది అపురూపమైనదని తెలిసినవాడే కనుక మెచ్చుకుని, రెండు ముక్కలు చేస్తాడు. అతని ఒంటి మీద చెయ్యి పడదు. అయినా సినిమాలోని తన్నులన్నిటికన్నా ఎక్కువ నొప్పించేది అదే. ఇంకోచోట మార్చురీ డాక్టరు. క్రిస్టీనా మింగిన తాళంచెవి ఆమె శవంలో దొరికింది, అది అతని దగ్గరుంది, ఇంకొంచెం డబ్బు కావాలంటాడు. తాళంచెవి సొరుగులో పడేస్తుండగా హామర్ ఆ సొరుగుని అతని వేళ్ళ మీద మూస్తాడు. మూసి నొక్కుతాడు. మీకర్ ముఖం మీద చిరునవ్వు వస్తుంది. ఏ పెద్ద తారయినా ఆ నవ్వు నవ్వడానికి ఒప్పుకునేవాడా? తన అభిమానులకు ఏం సమాధానం చెప్పుకుంటాడు? మీకర్‌కి కాపాడుకోవాల్సిన ఇమేజ్ లేదు. తక్కువ బడ్జెట్ ఇచ్చిన స్వేచ్ఛ ఆ నవ్వులో ఉంది.

హామర్‌ని ప్రేమించేవాళ్ళు లేకపోలేదు. గ్యారేజీ నడిపే గ్రీకు మిత్రుడు నిక్ ఉత్సాహం పట్టలేని మనిషి. కార్లన్నా హామర్ అన్నా ప్రాణం. హామర్ కోసం ఆరా తీస్తాడు, ఫలితంగా తను రిపేరు చేస్తున్న కారే అతని మీద పడేలా జాకీ తీసి చంపేస్తారు. ఆ రాత్రి హామర్ నల్లవాళ్ళ క్లబ్‌లో తాగి తల వాల్చేస్తాడు. అక్కడి గాయని పాడేది మొదట్లో కారు రేడియోలో విన్న పాటే. దర్శకుడు అతనికి ఇచ్చిన ఏకైక దుఃఖ ఘడియ అది. ఆ కాస్త దుఃఖం ఉండబట్టే మనం అతన్ని రాక్షసుడని తోసిపుచ్చలేం. వెల్డా పరిస్థితి ఇంకా కష్టం. మాక్సిన్ కూపర్ ఆ పాత్రలో, తను ఎరగా వాడబడుతున్నదని తెలిసీ అతన్ని ప్రేమించే మనిషిని ఎంతో నిబ్బరంగా చూపించింది. ఈ వెతుకులాటంతా పేరు కూడా తెలియని ఏదో ఒకదాని కోసమేనని, దానికోసం జనం చస్తున్నారని అతని ముఖం మీదే అంటుంది. అతను వినడు.

ఇంతకీ ఆ ‘ఏదో’ ఏమిటి? తాళంచెవి హాలీవుడ్ అథ్లెటిక్ క్లబ్‌లోని ఒక లాకర్‌ది. లాకర్లో తోలుపట్టీలు బిగించిన పెట్టె. ముట్టుకుంటే వేడి. హామర్ మూత సందు చేసి చూస్తాడు. తెల్లటి వెలుగు, ఊపిరి బుస కొడుతున్నట్టు ఒక శబ్దం. చప్పున మూసేస్తాడు గానీ మణికట్టు కాలిపోతుంది. పోలీసు మిత్రుడు పాట్ ఆ మచ్చ చూసి వివరించడు. మూడు పేర్లు మాత్రం ఉచ్చరిస్తాడు: మన్‌హాటన్ ప్రాజెక్ట్, లాస్ అలమోస్, ట్రినిటీ. అణుబాంబు తయారుచేసిన పథకం, దాన్ని తయారుచేసిన చోటు, మొదటిసారి పేల్చిన పరీక్ష. మాదకద్రవ్యాల స్థానంలో బెజ్జెరిడీస్ పెట్టింది ఇది. ఆ పేర్లు విన్నాక హామర్ ముఖంలో మొదటిసారి తెలియనితనం కనిపిస్తుంది. నాకు తెలియదు అన్న అర్థంలో ఏదో గొణుగుతాడు. గోడకు బిగించిన టేపు యంత్రంలో ఊరందరి రహస్యాలూ పోగేసుకున్న మనిషి, తన కాలపు అతి పెద్ద రహస్యం చేతిలోకి వచ్చినప్పుడు దాన్ని సరుకుగా మాత్రమే చూడగలిగాడు.

ఈ కథ రాసిన కాలాన్ని తలుచుకోండి. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చింది. దూరంగా చేపలు పడుతున్న జపాన్ జాలర్ల పడవ మీద ఆ బూడిద రాలింది. ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో ఇలాంటి పరీక్షలు ఆపాలని పిలుపునిచ్చారు. అదే నెలలో మొదటి అణుబాంబు తయారీని నడిపించిన ఓపెన్‌హైమర్ మీద విచారణ మొదలైంది. ఆ ఏడాది చివర్లోనే ఈ సినిమా తీశారు. పెద్ద స్టూడియోలు బాంబు గురించి దేశభక్తి సినిమాలు తీస్తున్న రోజుల్లో, ఒక చవక డిటెక్టివ్ సినిమా దాన్ని దొంగల చేతుల్లో తోలుపెట్టెలో పెట్టి చూపించింది. దాని కోసం కొట్టుకునే వాళ్ళలో ఎవరూ మంచివాళ్ళు కారు. చివర్లో సముద్రపొడ్డు ఇంట్లో దాన్ని తెరిచేది గాబ్రియేల్ అనే యువతి. తెరవొద్దని హెచ్చరించిన, ఆ దొంగల్లో ఒకడైన ముసలి డాక్టరుని కాల్చి, హామర్‌నీ కాల్చి, మూత ఎత్తుతుంది. నిలువునా కాలిపోతుంది. ఇల్లు పేలిపోతుంది. స్త్రీ కుతూహలమే వినాశమన్నట్టు పాండోరా కథను వాడుకోవడం ఈ సినిమాలో నాకు నచ్చని సంగతి. అయితే ఆ పెట్టె అక్కడిదాకా రావడానికి దారి వేసిందెవరో సినిమా మరిచిపోలేదు. అందుకే దాన్ని క్షమించగలను.

ఖర్చు తగ్గించుకోవడానికి ఆల్‌డ్రిచ్ నిజమైన వీధుల్లోకి వెళ్ళాడు. కెమెరామన్ ఎర్నెస్ట్ లాజ్లో బుడాపెస్ట్ నుంచి వచ్చినవాడు. ‘డీ.ఓ.ఏ.’కి పనిచేసిన అనుభవం ఉంది. లాస్ ఏంజలస్‌లో బంకర్ హిల్ అనే పేట ఉండేది. ఒకప్పటి సంపన్నుల చెక్క మేడలు అప్పటికి చవక అద్దె గదులైపోయాయి. కొండ మీదికి ఏంజల్స్ ఫ్లైట్ అనే చిన్న తాడు రైలు. హామర్ ఆ పేట మెట్లెక్కుతాడు, ఆ వసారాల్లో తలుపులు తడతాడు. లాజ్లో కింద నుంచి కెమెరా పెట్టి ఆ మెట్లను నిలువుగా చూపించాడు. 1960లలో అభివృద్ధి పేరున ఆ పేటని నేలమట్టం చేశారు. రైలు 1969లో ఆగింది. 1996లో పక్కకి జరిపి మళ్ళీ నడిపారు గానీ ఆ ఇళ్ళు లేవు, ఆ అద్దెమనుషులు లేరు. ఇవాళ ఆ పేటలో మనుషులు ఎలా బతికారో కదిలే బొమ్మగా చూడాలంటే ఇలాంటి చవక సినిమాలే దిక్కు. స్టూడియోలో ఘనమైన సెట్టు వేసే స్తోమత ఉంటే ఈ సాక్ష్యం మిగిలేది కాదు.

విడుదలయ్యాక అమెరికాలో దీన్ని ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు. సెనేటర్ కెఫావర్ నడిపిన విచారణలో, యువతను పాడుచేసే సినిమాల జాబితాలో ఇది చేరింది. ఫ్రాన్స్‌లో ‘కాయె ద్యు సినిమా’ కుర్ర విమర్శకులు, ముఖ్యంగా షాబ్రోల్, దీన్ని ఎత్తిపట్టారు. తర్వాత ఏళ్ళ తరబడి అమెరికాలో తిరిగిన ప్రింట్లలో చివరి నిమిషం కోసేసి ఉండేది. దాంతో హామర్, వెల్డా ఇద్దరూ ఇంట్లోనే చచ్చిపోయినట్టు జనం అనుకున్నారు. విమర్శకులు ఆ కత్తిరింపు మీదే సిద్ధాంతాలు కట్టారు. 1997లో ఆల్‌డ్రిచ్ సొంత ప్రింటు ఆధారంగా అసలు ముగింపు మళ్ళీ కలిపారు. అందులో గాయపడ్డ హామర్, వెల్డా ఒకరినొకరు పట్టుకుని సముద్రపు అలల్లోకి వెళ్ళి, తగలబడుతున్న ఇంటిని చూస్తారు. వాళ్ళు బతికారా అంటే, ఆ పెట్టెకి అంత దగ్గరగా ఉన్నవాళ్ళు ఎన్నాళ్ళు బతుకుతారు? నాకు ఈ ముగింపే ఎక్కువ న్యాయంగా అనిపిస్తుంది. చావు హామర్‌కి విడుదల. తను చేసింది నిలబడి చూడటం శిక్ష. 1999లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ దీన్ని భద్రపరచవలసిన సినిమాల్లో చేర్చింది. ఒక ప్రింటు నిలిచింది కనుక ఇదంతా సాధ్యమైంది. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఒక్కటి కూడా మనకు మిగల్లేదు. ఈ సభలో ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

ఈ సినిమా తర్వాత డిటెక్టివ్ పాత్రని పాత నమ్మకంతో చూపించడం కష్టమైపోయింది. 1974లో ‘చైనాటౌన్’లో జేక్ గిటిస్ విడాకుల కేసులతో బతికే మనిషిగానే మొదలవుతాడు. తెలివైనవాడే, మంచి బట్టలు కడతాడు, తనకు అంతా తెలుసనుకుంటాడు. అతను సాయం చేయబోయిన స్త్రీ అతనివల్లే చస్తుంది. ఆ దారి వేసింది హామరే.

మన సంగతికి వస్తాను. తెలుగు పాఠకుడికి డిటెక్టివ్ కొత్తవాడు కాడు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, రాజుల కోసం అద్దెపుస్తకాల షాపుల దగ్గర కాచుక్కూర్చున్న తరం మాస్టారిది, నాదీ. ఆ పుస్తకాలు లక్షలమందికి చదవడం అలవాటు చేశాయి. వాటిని చిన్నచూపు చూసేవాళ్ళతో నాకు ఏకీభావం లేదు. సినిమాలోకి వచ్చేసరికి 1966లో ‘గూఢచారి 116’తో గూఢచారి వచ్చాడు, 1986లో జంధ్యాల ‘చంటబ్బాయ్’తో నవ్వించే డిటెక్టివ్ వచ్చాడు. 2019లో పెద్ద తారలెవరూ లేకుండా, చిన్న ఖర్చుతో ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ వచ్చి నెల్లూరు వీధుల్లో డిటెక్టివ్‌ని నడిపించింది. నవ్విస్తూనే అనాథ శవాల మీద జరిగే నేరాన్ని తాకింది. ఆ సినిమా అంటే నాకు గౌరవం. కానీ ఈ ముగ్గురినీ మనం ప్రేమించేటట్టే చూపించారు. నిలదీసేటట్టు చూపించినది ఇంకా రాలేదు.

అలాంటి మనిషి మన దగ్గర లేడా? హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో డిటెక్టివ్ ఏజెన్సీలు ఉన్నాయి. వాటికి వచ్చే పనిలో పెద్ద భాగం పెళ్ళి సంబంధాల విచారణ. అబ్బాయి జీతమెంత, అమెరికాలో నిజంగా ఉద్యోగం ఉందా, అమ్మాయి కాలేజీలో ఎవరితో తిరిగింది, కోడలు పగలు ఎక్కడికి వెళ్తోంది. ఒక మనిషి బండి మీద ఆ అమ్మాయి వెనకాలే రోజంతా తిరుగుతాడు, ఫోటోలు తీస్తాడు, రిపోర్టు టైపు చేసి కవర్లో పెట్టి ఇస్తాడు. ఆ రిపోర్టు వల్ల ఒక పెళ్ళి ఆగిపోవచ్చు, ఒక ఇంట్లో ఒక అమ్మాయి మీద చెయ్యి పడవచ్చు. రిపోర్టులో కులం కాలమ్ ఉంటే దాని పర్యవసానం ఏమిటో మనకు తెలుసు. ఆ మనిషికీ అద్దె కట్టాలి, పిల్లల ఫీజు కట్టాలి. తను రాసిన రిపోర్టు ఏ ఇంట్లో ఏం చేసిందో అతనికి ఎవరూ చెప్పరు. తెలుసుకోవాల్సి వస్తే? అక్కడ మొదలయ్యే కథకి పొగమంచు అక్కర్లేదు, ట్రెంచ్‌కోటు అక్కర్లేదు. అమీర్‌పేట మెట్రో కింద సాయంత్రపు వెలుగు చాలు.

ఇప్పుడు మన కుర్రాళ్ళ చేతుల్లో ఉన్న కెమెరాలను ఆల్‌డ్రిచ్ కలలో కూడా ఊహించి ఉండడు. రాత్రి వీధి దీపం వెలుగులోనే తీయవచ్చు. అందుకేనేమో, నీడలు, నియాన్ లైట్లు, వాన తడి ఉన్న షార్ట్ ఫిల్మ్‌లు నాకు చాలా వస్తుంటాయి. చూడటానికి అందంగా ఉంటాయి. హీరోని మాత్రం ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు. అతను గోడకేసి మనిషి తల బాదినప్పుడు వెనక సంగీతం అతన్ని మెచ్చుకుంటూ మోగుతుంది. చీకటిని తీసుకుని, ఆ చీకట్లో అడగాల్సిన ప్రశ్నను వదిలేశారు. డబ్బు పెట్టే పెద్దలు మీ కథలో వేలు పెట్టని ఈ కాస్త కాలాన్ని వాడుకోండి. పెద్ద సినిమాకి ఎదిగాక ఆ వీలు ఉండదు. అభిమాన సంఘం ఉన్న నటుడు సొరుగులో వేళ్ళు నలిపి నవ్వడు.

సొసైటీ నిర్వాహకులకు ఒక మనవి. ఈ సంవత్సరం ‘కిస్ మి డెడ్లీ’ని పూర్తి ముగింపుతో ఉన్న ప్రతిలోంచి, తెలుగు సబ్‌టైటిల్స్‌తో, ఇక్కడే వెయ్యండి. సబ్‌టైటిల్స్ రాసే పని నేను తీసుకుంటాను. సినిమా అయ్యాక వెంటనే దీపాలు వేసి ఇంటికి పంపకుండా ఒక గంట చర్చకు ఉంచండి. ఆ చర్చలో ముందు వరసలో సినిమా తీయబోయే కుర్రాళ్ళనూ అమ్మాయిలనూ కూర్చోబెట్టండి. పెళ్ళి విచారణ రిపోర్టు ఒకటి తన మీద రాయబడిన అమ్మాయి కథని, ఆ రిపోర్టు రాసినవాడి వైపు నుంచి, వాడిని వదిలిపెట్టకుండా రాసే స్క్రిప్టు ఎవరైనా తెస్తే, మాస్టారి స్మారకనిధిలోంచి మొదటి ఖర్చు వాళ్ళకే ఇవ్వమని అడుగుతున్నాను.